హమీదాబీ గుర్తుపట్టిన ఎముకలు

నంద్యాలలో కూరగాయల మార్కెట్ వెనక వీధిలో హమీదాబీకి చికెన్ అంగడి ఉంది. కోడిని కోయడం కొడుకు ఇమ్రాన్ పని, తోలు తీసి ముక్కలు కొట్టడం ఆమె పని. ముప్పై ఏళ్లుగా ఆమె చేస్తున్నది ఇదే. రెండో తరగతిలోనే బడి మానేసిన ఆమెకు అక్షరాలు కూడబలుక్కోవడం కష్టం గానీ, కీలు ఎక్కడుందో చూడకుండానే కత్తి పెట్టగలదు.

పోయిన ఏప్రిల్‌లో ఇమ్రాన్ బావమరిది అబ్దుల్లా ఆళ్లగడ్డ నుంచి వచ్చాడు. అక్కడి హైస్కూల్లో సైన్సు చెబుతాడు. మేనకోడలు షబ్నమ్ ఆరో తరగతి పరీక్షలు రాసిందని ఒక అట్టపెట్టె తెచ్చిచ్చాడు. పెట్టె మీద డైనోసార్ అస్థిపంజరం బొమ్మ ఉంది. లోపల నాలుగు పలుచటి చెక్క పలకలు, వాటిలో ఎముకల ఆకారంలో కోసిపెట్టిన ముక్కలు. వాటిని ఊడదీసి, ఒకదాంట్లో ఒకటి గుచ్చుకుంటూ పోతే జంతువు నిలబడుతుందట.

"సెలవుల్లో అందరూ కూచోని చేయండి. అయినాక నాకు తెచ్చి చూపియ్యాల" అని చెప్పి వెళ్లాడు.

షబ్నమ్ ఎక్కడ ఆగుతుంది? మామ వీధి మలుపు తిరక్కముందే ముక్కలన్నీ ఊడబీకి చాప మీద కుప్ప పోసింది. ఏది ఏ ముక్కో చెప్పే అంకెలు పలకల మీదే ఉన్నాయి, ముక్కల మీద లేవు. ఆ ఖాళీ పలకల్ని తల్లి రిజ్వానా చెత్త అనుకుని నీళ్లపొయ్యిలో పెట్టేసింది. తీరా పెట్టెలోని సూచనల కాగితం విప్పి చూస్తే దాన్నిండా అంకెలే.

మూడు మధ్యాహ్నాలు, అంగడి మూసి వచ్చాక, ఇమ్రాన్ దానితో కుస్తీ పట్టాడు. ఎలాగో కాళ్లు, నడుము కూర్చాడు. నిలబెడితే ముక్కు మీద పడింది. మళ్లీ నిలబెట్టాడు. మళ్లీ పడింది.

గడప దగ్గర కూచుని చూస్తున్న హమీదాబీ ఇక ఉండబట్టలేక అడిగింది. "ఏందే అది, షబ్నమ్?"

"రాక్షసబల్లి జేజీ. కోట్ల ఏండ్ల కింద ఉండేదంట" అంది మనవరాలు.

"బల్లి అయితే కాళ్లు పక్కలకి ఉండాల గదా? దీనివి ఒంటి కిందికి ఉండాయే!"

ఆమె జరిగి వచ్చి కాలి ముక్కలు చేతిలోకి తీసుకుంది. తొడ ఎముక, దాని కింది ఎముక, ఆ కింద పొడుగాటి పాదం. వేలితో తడిమి చూసింది.

"ఇది కోడి కాలు" అంది.

ఇమ్రాన్ నవ్వాడు. "అమ్మా, ఇది ఇంటి కన్నా ఎత్తుండే జంతువు."

"ఎత్తుదేముందిరా. కీలు చూడు."

మరునాడు ఆమె ఒక నాటుకోడి ఎముకలు ఉడకబెట్టి, శుభ్రంగా గీకి, మిద్దె మీద ఎండబెట్టింది. అవి ఒంట్లో ఎట్లా ఉంటాయో అట్లాగే చాప మీద పరిచింది. పక్కనే చెక్కముక్కలు ఒక్కొక్కటే జత చేస్తూ పోయింది. షబ్నమ్ వంగి చూసింది. ఎముక పక్కన ఎముక, అచ్చం అదే.

"నువ్వు మోకాలనుకున్నది మోకాలు కాదురా, మడమ. కోడి మోకాలు పైన ఈకెల్లో దాక్కోని ఉంటాది. ఇది వేళ్ల మీద నడిచేది. అందుకే నీకు పడిపోతాండాది."

కాళ్లు మార్చి పెట్టేసరికి బొమ్మ ఊగింది గానీ ముందుకు పడలేదు. దేనికీ చెందదని ఇమ్రాన్ పక్కన పడేసిన చిన్న పంగలాంటి ముక్క ఒకటి ఉంది, రెండు కొమ్మలు కలిసినట్టు. హమీదాబీ దాన్ని కోడికి ఉండే చోటే, రొమ్ము ముందర, మెడ మొదట్లో గుచ్చింది. అది సరిగ్గా కూర్చుంది.

తోక దగ్గర మాత్రం ఆమె ఆగిపోయింది. "కోడికి ఇంత తోక యాడుంది?" అని చేతులెత్తేసింది. అక్కడ రిజ్వానా అందుకుంది. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకున్న మనిషి, రవ్వంత కొలత తేడా కూడా ఆమె కంటికి చిక్కుతుంది. తోక ముక్కలన్నీ పెద్దవి మొదలు చిన్నవాటి దాకా బల్ల మీద వరసగా పేర్చిచ్చింది. పళ్లు, పుర్రె షబ్నమ్ పెట్టింది. తోక బరువు వెనక పడగానే ఊగడం కూడా ఆగింది. ఇమ్రాన్ అంచులు నునుపు చేసి, చిక్కటి టీ డికాషన్ పూశాడు. పాత ఎముక రంగు వచ్చింది.

ఆదివారం అంగడి వదిలి రాలేనని ఇమ్రాన్ ఆగిపోయాడు. మిగతా ముగ్గురూ ఆళ్లగడ్డ బస్సెక్కారు. దారి పొడుగునా హమీదాబీ బొమ్మను ఒళ్లో పెట్టుకుని, స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా రెండు చేతులూ అడ్డం పెట్టింది.

అబ్దుల్లా బొమ్మ చుట్టూ తిరిగి చూశాడు. రొమ్ము ముందరి ముక్క దగ్గర వంగి ఆగిపోయాడు. "ఇది ఈడ పెట్టాలని ఎట్ల తెల్సింది?"

"జేజి పెట్టింది" అంది షబ్నమ్, జరిగిందంతా చెప్పింది.

"అత్తా, పక్షులు వీటి వంశమే అని సైన్సులో చెప్తారు. అది మేము పుస్తకాల్లో చదువుకున్నాం. నువ్వు చేత్తో పట్టుకోని చెప్పినావ్!"

హమీదాబీ పొంగిపోలేదు. "మరి ఆ తోక ఏమైనాదప్పా? యాడ పోయినాది?" అని అడిగింది. అబ్దుల్లా కుర్చీ లాక్కుని కూచుని చెప్పడం మొదలుపెట్టాడు. భోజనాలు చల్లారిపోయాయి.

జూన్‌లో బడి తెరిచాక అతను ఆమెను తన ఏడో తరగతికి పిలిపించాడు. జీవితంలో రెండో తరగతి దాటి ఒక బడిగదిలోకి అడుగు పెట్టడం ఆమెకు అదే మొదలు. స్టీలు డబ్బాలో కోడి ఎముకలు తెచ్చి బల్ల మీద పరుస్తూ మొదట రెండు ఎముకలు తారుమారు చేసింది. తొడ ఎముక పట్టుకున్నాక ఇక తడబడలేదు. పిల్లలు బెంచీలు దిగి చుట్టూ మూగారు.

లూదియా అనే అమ్మాయి అడిగింది. "జేజీ, కోడి లెక్క దీనికీ ఈకెలు ఉండేటివా?"

హమీదాబీ ఎముకల వైపు చూసింది. "ఈకె పీకినాకనే గదమ్మా నాకు ఎముక కనపడేది. ఎముకను చూసి ఈకె సంగతి చెప్పలేను" అని అబ్దుల్లా వైపు తిరిగింది.

"ఈ జాతికి దగ్గరి వాటిల్లో కొన్నిటికి ఉండేటివి. దీనికి ఎంతవరకు ఉండేటివో ఇంకా తేలలేదు" అన్నాడు అతను.

ఆ సాయంత్రం ఇంటికి చేరి చెప్పులు విడవకముందే కోడలిని పిలిచింది. "రిజ్వానా, సదువుకున్నోళ్లకి కూడా ఇంకా తేలలేదంట! యెతుకుతానే ఉండారంట!"

తర్వాత ఇమ్రాన్ దగ్గరికి వెళ్లి, మూడు కొమ్ముల డైనోసార్ కూడా పెట్టెలో దొరుకుతుందట, తెప్పించమంది. నాలుగు కాళ్ల మీద నడిచే జంతువని అబ్దుల్లా చెప్పాడు. మార్కెట్లో మటన్ కొట్టే మద్దిలేటిని పొట్టేలు ఎముకలు దాచిపెట్టమని ఆమె అప్పటికే చెప్పి వచ్చింది.