ఫకృద్దీన్ నడిపిన లాంచీ

గుమ్మఘట్ట పక్క డ్యాంలోకి లాంచీ వచ్చింది తొంభై ఎనిమిదిలో. ఆ ఏడు పైన కర్ణాటకలో వానలు బాగా పడి హగరి ఏరు పారింది, డ్యాం నిండింది. నీళ్లు చూడటానికే జనం బండ్లు కట్టుకొని వచ్చే సీమ మాది. రాయదుర్గం కంట్రాక్టరు లక్ష్మీపతి గోదావరి మీద తిరిగి పాతబడిన ఇనుప లాంచీ ఒకటి కొని, లారీ మీద తెచ్చినాడు. దానికి పచ్చరంగు కొట్టించి, ‘గంగాభవాని’ అని రాయించి, మైకులో పాటలు పెట్టి ఆదివారాలు షికారు తిప్పించినాడు.

నడపడానికి ఫకృద్దీన్‌ను పెట్టుకున్నాడు. ఫకృద్దీన్ బావుల మీద ఆయిలింజన్లు రిపేరు చేసేవాడు. బావులెండి, ఇంజన్లు మూలబడి, పనిలేక కూర్చున్న మనిషి. లాంచీతో వచ్చిన సరంగు పక్కన నిలబడి నేర్పించి పోయినాడు.

రెండేండ్లకు షికారు మోజు తీరింది. లక్ష్మీపతి లాంచీని అవతలి గట్టు గంగాధరప్పకు అమ్మేసినాడు. గంగాధరప్ప పాత పేరు చెరిపించి వాళ్లమ్మ పేరు ‘హొన్నూరమ్మ’ రాయించినాడు. బల్లలు పీకించి, శెనిగికాయల మూటలు, గొర్రెలు, కూలికి పోయే ఆడోళ్లు, అందరినీ ఎక్కించి గట్టు దాటించసాగినాడు.

“అన్నా, ఇది ముప్పై మందిని మోసేది. గాలి తిరిగితే ఒరుగుతాది,” అన్నాడు ఫకృద్దీన్.

“ఏమప్పా, ఇదేమన్నా సముద్రమా? నడిపితే నడుపు, లేకుంటే దిగు.”

ఫకృద్దీన్ దిగేసినాడు. మరుసటి దినం జయరాముడనే ట్రాక్టరు డ్రైవరు ఎక్కినాడు.

ఫకృద్దీన్ భార్య జుబేదాబీ రోజూ అవతలి గట్టుకే కాయలు వలిచేదానికి పోయేది. లాంచీ ఎక్కొద్దని ఆయన చెప్పి చూసినాడు.

“నువ్వు పని వదిలేస్తివి. నేనూ వదిలేస్తే పొయ్యి మీద ఏం పెడదాం? చుట్టు తిరిగి నడిస్తే పొద్దెక్కతాది, పనిలోకి రానీరు,” అందామె.

కార్తీకంలో ఒక పొద్దున గాలి లేచింది. గొర్రెలు బెదిరి ఒక పక్కకు తోసుకున్నాయి. నడి నీళ్లలో లాంచీ ఒరిగి మునిగింది. కేకలు విని ఫకృద్దీన్ ఉరికొచ్చి నీళ్లలో దూకినాడు. ఇద్దరు ఆడోళ్లను గట్టుకు లాక్కొచ్చినాడు. ఆ ఇద్దరిలో జుబేదాబీ లేదు. సాయంత్రానికి, మునిగిన లాంచీ కమ్మీల మధ్య ఆమె శవం చిక్కుకొని దొరికింది. ఆమెతో కలిపి ఏడుగురు పోయినారు.

జయరాముడు ఊరు విడిచి పారిపోయినాడు. మునిగిన లాంచీని గంగాధరప్ప దగ్గర ఈశ్వరప్ప అనే లారీల ఆసామి కొని, ట్రాక్టర్లకు గొలుసులు కట్టి బయటికి లాగించినాడు. నీలం రంగు వేయించి, ‘విజయలక్ష్మి’ అని పేరు మార్చి, ఫకృద్దీన్ ఇంటికి వచ్చినాడు.

“నిన్ను అడిగే మొగం లేదు నాకు. కానీ దాన్ని నడిపేది తెలిసినోడు ఈడ నువ్వొక్కడివే,” అన్నాడు.

కూతురు ముంతాజ్ అడ్డం వచ్చింది. “అబ్బాజాన్, అమ్మీని మింగినదాని మీదికి మళ్లా ఎట్ల ఎక్కుతావు?”

“నేను ఎక్కకుంటే ఇంకో జయరాముడు ఎక్కుతాడు. ఆడోళ్లు పనికి పోకుండా ఉండలేరు గదమ్మా,” అన్నాడు ఫకృద్దీన్. ఈశ్వరప్పకు మాత్రం ఒకటే చెప్పినాడు: “ఎంతమంది ఎక్కాలనేది నా ఇష్టం.”

అప్పటి నుంచి, గట్టు నుంచి లాంచీలోకి ఎక్కేదానికి వేసే పలక దగ్గర చెయ్యి అడ్డం పెట్టి నిలబడేవాడు. చాలనుకుంటే పలక లాగేసేవాడు. మిగిలినోళ్లు గట్టు మీద నుంచి తిట్టేవాళ్లు. గొర్రెల కాపరి ఎర్రప్ప ఒకసారి, “నీ పెండ్లాం పోయిందని మా బతుకు ఆపుతావా?” అన్నాడు. ఆ దినం ఫకృద్దీన్ అన్నం ముట్టలేదు. అయినా లాగిన పలకను మళ్లా వేయలేదు. ఆయన నడిపినన్నాళ్లూ ఎవరికీ ఏమీ కాలేదు.

తరవాత కరువు పడింది. నీళ్లు వెనక్కి, ఇంకా వెనక్కి పోయినాయి. రెండువేల మూడు ఎండాకాలంలో లాంచీ బురదలో కూర్చుంది. ఆ బురద ఎండి, నెర్రెలిచ్చింది. కొన్నాళ్లు దాని నీడలో మేకలు పడుకున్నాయి. ఈశ్వరప్ప ఇక వానలు రావనుకొని పాత ఇనుము వ్యాపారికి తూకానికి ఇచ్చేసినాడు.

గ్యాసు కట్టరుతో కోసేవాళ్లు వచ్చినప్పుడు ఇంజను విప్పి ఇచ్చింది ఫకృద్దీనే. కమ్మీలు కోసేదానికి మొదలుపెట్టగానే లేచి, చేతులు లుంగీకి తుడుచుకొని, ఎండిన డ్యాం నడిమి నుంచి నడుచుకుంటా ఇంటికి పోయినాడు.

బళ్లారి గనుల్లో లారీలకు గ్రీజు పెట్టే పని దొరికింది. ఎర్రదుమ్ము నాలుగేండ్లు తిన్నాడు. దగ్గుతో మంచం పట్టి, రెండువేల ఎనిమిది చలికాలంలో ముంతాజ్ ఇంట్లో కన్నుమూసినాడు.