బోరుకు తాళం

సేద్యానికి కరెంటు ఉచితంగా ఇవ్వడం మొదలైన ఆ రోజుల్లో మా ఖమ్మం పల్లెల్లో ఒక అనుమానం ఇంటింటికీ తిరుగుతుండేది. ఇవాళ ఉచితం అన్నవాళ్ళు రేపు మోటారుకు మీటరు బిగిస్తారు, బిగించే ముందు ఎవరినో ఒకరిని పంపించి ఏ బోరులో నీళ్ళెన్ని ఉన్నాయో చూసుకుపోతారు అని. సరిగ్గా అదే సమయంలో, చేతిలో టేపు చుట్టిన చక్రం, భుజాన సంచీ, ముఖాన చిరునవ్వు పెట్టుకుని బోర్లలో నీళ్ళు కొలవడానికి ఊళ్ళోకి దిగినదాన్ని నేను. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. డిగ్రీలో బాటనీ చదివాను గనక భూగోళాన్ని కాపాడే అర్హత నాకుందని గట్టి నమ్మకం. (మా అమ్మకు ఆ నమ్మకం లేదు. ఆమె నర్సు. "ఆర్నెల్లు చూస్త. ఆ ఉద్యోగం నిలవకపోతే నోర్మూసుకుని నర్సింగుల చేరాలె" అని ఫారం తెచ్చి బీరువాలో పెట్టింది. సూది చూస్తేనే కళ్ళు తిరిగే మనిషిని నేను.)

కారేపల్లి దాటి టేకులపల్లి వైపు పోతుంటే, మిర్చి చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంటుంది ఆ ఊరు. మా సంస్థ చిన్నది. ఒక జీపు, ఒక సారు, నాలాంటివాళ్ళు నలుగురు. బస్సు ఆగే చోట ఎవరూ వాడని గది ఒకటి పంచాయతీ వాళ్ళను అడిగి తీసుకుని అందులో కొన్ని పుస్తకాలు, గోడకు బొమ్మలు, కప్పు మీద వాన కొలిచే డబ్బా పెట్టాం. బయటి గోడకు నల్ల బోర్డు. నెలకోసారి, మొదటి శనివారం నాడు, ప్రతి రైతు పేరు పక్కన ఆయన బోరులో నీళ్ళు ఎన్ని అడుగుల లోతున ఉన్నాయో కొలిచి రాయాలి. "వానలు ఎట్ల మారుతున్నయో, నీళ్ళు ఎట్ల దిగుతున్నయో మనం చెప్పుడు కాదు. వాళ్ళే చూసుకుని వాళ్ళే నేర్చుకోవాలె" అనేవాడు మా సారు. ఆర్నెల్లలో బోర్డు నిండకపోతే గది పక్క ఊరికి, నేను మా ఇంటికి పోవాల్సి ఉంటుందని చెప్పింది కూడా ఆయనే.

మొదటి మీటింగులో భూమి ఎలా వేడెక్కుతున్నదో అరగంట చెప్పాను. చివర్న ఏమైనా ప్రశ్నలున్నాయా అని అడిగితే వెనకనుంచి ఒక గొంతు, "అయితే వేడెక్కినందుకు మీటరు పెడ్తరా మేడం?" అంది. అందరూ నా ముఖంలోకే చూశారు. లేదన్నాను. లేదనేసరికి వాళ్ళ అనుమానం రెట్టింపైంది. నేను అద్దెకున్న ఇంటి ఆయమ్మ (దవాఖానాలో ఆయాగా చేసి రిటైరైన మనిషి, మా చర్చి ఆమే) కూడా నా వెనక సంచీ విప్పి చూసేది. టేపు చివర ఒక ఇనుప ముక్క ఉండేది, అది నీళ్ళకు తగలగానే పైన చక్రం 'కుయ్' మనేది. దాంతో నాకు 'కుయ్ మేడం' అని పేరు పడింది. "ఆదివారం ప్రార్థనకు పోతవు, శనివారం బోర్లల్ల తొంగి చూస్తవు. ఇంతకీ నువ్వు ఎవరి మనిషివి బిడ్డా?" అని ఆయమ్మ ఒకనాడు అన్నం వడ్డిస్తూ అడిగింది.

అందరిలోకీ గట్టివాడు తాళం మామ. అడవి అంచున ఆయన బోరు ఊళ్ళో అన్నిటికంటే మంచిదని పేరు. నేను వస్తున్నానని తెలిసి బోరు పైపుకు ఇనుప మూత చేయించి తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. "కొలిచేది నువ్వు, బిగించేది ఇంకొకడు. నాకు తెల్వదా?" అని మూడు నెలలు నన్ను గట్టు మీదనుంచే పంపించేశాడు. నేనూ తక్కువ తినలేదు. ఎవరైనా మజ్జిగ ఇస్తే ఎందుకిచ్చారా అని అనుమానం, ఇవ్వకపోతే ఎందుకివ్వలేదా అని అనుమానం.

నాలుగో నెలలో వింత జరిగింది. ఒక్కొక్కరే మెత్తబడ్డారు. ఆఖరికి తాళం మామ కూడా నవ్వుకుంటూ తాళం తీసి, "కొలుసుకో మేడం, నాకేం భయం" అన్నాడు. టేపు పోతూనే ఉంది, పోతూనే ఉంది. వంద అడుగుల దగ్గర కుయ్ మంది. ఊరంతా ఇదే వరస, నీళ్ళు అడుగంటాయి. నాకు గుండె తరుక్కుపోయింది, లోపల కొంచెం సంతోషమూ కలిగింది, నేను చెప్పిందే నిజమైందని. శనివారం పొద్దున్నే ఊళ్ళో మోటార్లన్నీ ఒక్కసారిగా హోరెత్తుతాయని గమనించాను గానీ, శనివారం వేంకటేశ్వరస్వామి వారం కదా, హిందువుల్లో ఏదో ఆచారం ఉంటుంది కాబోలు అనుకున్నాను. ఎవరినైనా అడిగితే బాగుండదని ఊరుకున్నాను కూడా.

మాఘమాసంలో ఒక పొద్దున కుసుమంచి వైపు మనిషి ఒకాయన బస్సు దిగి, మా బోర్డు ముందు నిలబడి ఒక్కో పేరూ వేలుపెట్టి చదవడం మొదలుపెట్టాడు. నాలుగు నెలల్లో ఆ బోర్డును తనంత తానుగా చదివిన మొదటి మనిషి ఆయనే. ఆనందం పట్టలేక పరిగెత్తుకెళ్ళాను. ఆయన వేలు తాళం మామ పేరు దగ్గర ఆగింది. "అది అన్నిటికంటే లోతండి. ఇట్లాగే సాగితే రెండేళ్ళలో ఎండిపోయినా ఆశ్చర్యం లేదు" అని, అడక్కపోయినా గోడమీది బొమ్మలు చూపించి మరీ వివరించాను. ఆయన చాలా శ్రద్ధగా విని, దండం పెట్టి, ఊళ్ళోకి పోకుండానే తిరుగు బస్సెక్కాడు.

మా మాటలు విన్నవాళ్ళెవరో చెప్పారట, గంటలో తాళం మామ ఊగిపోతూ వచ్చాడు. ఆ వచ్చినాయన ఆయన కొడుక్కి పిల్లనివ్వాల్సిన మనిషట. సంబంధం దాదాపు కుదిరిందట, ఇల్లూ వాకిలీ చూసుకోవడానికి వచ్చాడట. "నా బోరు ఎండిపోతదని చెప్తవా? పిల్లగానికి ముప్పై ఏండ్లు దగ్గరపడ్డయ్. రెండు సంబంధాలు తప్పినయ్. ఇది గూడ పోతే వానికి పెండ్లెట్ల అయితది?" అని అరిచి, గడప మీద కూలబడ్డాడు. ఉన్నదే చెప్పాను కదా మామా అన్నాను. "ఏడున్నది? మీటరు భయానికి, నువ్వు కొలిచే రోజని తెల్లారక ముందునుంచే తోడి పోసిన. ఊరంతా పోసింది. నీళ్ళు లేనోనికి మీటరు పెట్టరు గద." నీళ్ళు ఉన్నాయని తెలియకూడదని ఉన్న నీళ్ళు పారబోసుకున్నారు! దాన్ని నేను స్వామి ఆచారమనుకున్నాను.

"పోనీ, నలభై అని రాయి" అని బతిమాలాడు. అబద్ధం రాస్తే నా ఉద్యోగం పోతుంది, నర్సింగు ఫారం బీరువాలో కాచుక్కూర్చుంది. "రెండ్రోజులు మోటారు ఆపు మామా, మళ్ళీ కొలిచి రాస్తా" అన్నాను. ఆపాడు. మర్నాడు చూస్తే ఇంకా ఎనభైలోనే ఉంది. టేపు అట్లాగే నీళ్ళకు తగిలేలా వేలాడదీసి ఉంచాను, కుయ్ మంటూనే ఉంది. ఇంతలో పక్క చేనులో మోటారు వేశారు. కాసేపటికి మా కుయ్ ఆగిపోయింది, నీళ్ళు కిందికి జారాయి. మామ పక్క చేను వైపు, బోరు వైపు మార్చి మార్చి చూశాడు. "అంటే వాడు తోడేది నా నీళ్ళా?" అన్నాడు. "అవ్ మామా. ఇన్నాళ్ళూ నువ్వు తోడింది వాళ్ళవి." అరగంట ఉపన్యాసంతో నేను చెప్పలేనిది అక్కడ ఆయనకు అర్థమైంది. (నాకు కూడా అప్పుడే అర్థమైంది. అంతకుముందు పుస్తకంలో చదివానంతే.)

ఆ రోజంతా ఆయన చుట్టుపక్కల రైతుల ఇళ్ళకు తిరిగాడు. "మోటారు ఆపమంటున్నడంటే ఏదో కిటుకున్నది" అని వాళ్ళు మొదట తలుపు కూడా తియ్యలేదు. మిర్చికి తడి పెట్టాల్సిన రోజులు మరి. చివరికి ఆయమ్మ వెంటపోయి, "పిల్లగాని పెండ్లి ఆగితే ఆ ఉసురు మీకే తగులుతది" అని గట్టిగా అంటే, రెండ్రోజులకు ఒప్పుకున్నారు.

ఆదివారం ప్రార్థన ఎగ్గొట్టి నేను బోరు దగ్గర నిలబడ్డాను. పిల్ల తండ్రిని ఎట్లాగో మళ్ళీ పిలిపించారు. ఊరు సగం గట్టు మీదే ఉంది. యాభై అడుగుల దగ్గర కుయ్ మంది. మామ గట్టిగా ఊపిరి వదిలాడు. పిల్ల తండ్రి మాత్రం నవ్వలేదు. "ఆ చక్రంల ఏం మీట ఉన్నదో" అని, జేబులోంచి రాయి కట్టిన పురికొస తీసి తనే వదిలాడు (ఇంటి దగ్గరే సిద్ధం చేసుకొచ్చాడన్నమాట). తడిసిన చోటు నుంచి మూరలేసి చూసుకున్నాడు. సరిపోయింది. అయినా ముఖం విప్పలేదు.

"నీళ్ళున్నయ్, మంచిదే. మొన్న వంద, ఇయ్యాల యాభై. ఉన్న నీళ్ళను దాచినోడు, రేపు నా బిడ్డకు ఏం దాస్తడో?" అన్నాడు.

నా వల్లే చెడిపోయిందని నాకు ఏడుపొచ్చింది. తాళం మామ మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఆయన చేతిలో పెట్టాడు. "దాచింది నీ దగ్గర కాదు బావా. మీటరోని దగ్గర" అన్నాడు, తల ఎత్తకుండా. పక్క చేను రైతు గొంతు సవరించుకుని, "మేం గూడ గట్లనే పోసినం" అన్నాడు. "మేం గూడ" అన్నారు ఇంకో ఇద్దరు. పిల్ల తండ్రి అందరినీ ఒకసారి చూసి, ఉన్నట్టుండి పెద్దగా నవ్వాడు. "మా ఊళ్ళె గూడ గంతే! మేం శుక్రవారం పోస్తం" అన్నాడు.

పెళ్ళి జరిగింది. బోర్డు నిండింది, ఈసారి నిజంతోనే. ఆ ఎండాకాలం వాళ్ళు మోటార్లు వంతులవారీగా వేసుకున్నారు, టేపు పట్టడం మామే నేర్చుకుని నాకంటే బాగా కొలిచేవాడు. నర్సింగు ఫారాన్ని మా అమ్మ బియ్యం డబ్బా కింద పరిచింది. నేను ఊరు విడిచే రోజున మామ బస్సుదాకా వచ్చి సంచీ అందించి, కిటికీలోంచి మెల్లగా అడిగాడు: "ఇప్పుడన్నా నిజం చెప్పు బిడ్డా. మీటర్లు ఎప్పుడు పెడ్తరు?"

పోయినేడు ఖమ్మంలో మా అపార్టుమెంటుకు ఒక అమ్మాయి వచ్చింది. భుజాన సంచీ, చేతిలో చక్రం. బోరులో నీళ్ళు కొలుచుకుంటానంది. కమిటీలో నేనే పెద్దదాన్ని. "ఎవరు పంపిన్రు? ఎందుకు?" అన్నాను. కూర్చోబెట్టి, కాఫీ పెట్టి, ఆమె తాగేలోపు వాచ్‌మన్‌ను పక్కకు పిలిచి మోటారు వెయ్యమన్నాను. గంట తర్వాత ఆ పిల్ల టేపు వదిలితే ఎక్కడో పాతాళంలో కుయ్ మంది. ఆ శబ్దం విని ఎన్నేళ్ళయిందో. "అయ్యో, చాలా లోతుకు పోయాయి మేడం" అంటూ ఆమె నిజంగానే దిగులు పడింది. అచ్చం నాలాగే. నాకు సిగ్గేసింది. "రేపు రా తల్లీ. రాత్రంతా మోటారు ఆపి ఉంచుతా, అప్పుడు రాసుకో" అన్నాను. ఆమె అర్థం కానట్టు చూసి, సంచీ సర్దుకుని మెట్లు దిగుతుంటే, ఇంక ఆగలేక రెయిలింగు మీదనుంచి వంగి అడిగేశాను, "నిజం చెప్పమ్మా, మీటర్లేమన్నా పెడ్తరా?"