చెల్లెలి గిన్నెలో నీళ్ళు

నేస్తమా, మళ్ళీ తెలంగాణ ఉద్యమం, మళ్ళీ బడులు బంద్. టీచరైన మా చెల్లెలు నిన్న తన బడి పిల్లలను నానక్‌రామ్‌గూడలోని మా మేడ మీదికి పిలిచింది. వాతావరణం ఎలా మారుతోందో చూపడానికి ఎండలో సత్తు గిన్నెలో నీళ్ళు పెట్టించింది. ఎన్ని నీళ్ళు ఎండిపోయాయో పిల్లలు చీపురు పుల్ల ముంచి కొలుస్తున్నారు.

ఆ గిన్నె, ఆ పుల్ల గుర్తున్నాయా? మన చిన్ననాటి ఉద్యమంలో బడి మూసినప్పుడు, సారు పిల్లలను ఖాజాగూడ బండల నీడన కూర్చోబెట్టి పాఠం చెప్పి, ఇంటి దగ్గర ఇలాగే కొలవమన్నారు. చెల్లెలు వెళ్ళేది. పెద్దదాన్నని అమ్మ నన్ను మాత్రం ఇంట్లోనే ఉండి తమ్ముణ్ణి ఎత్తుకోమంది.

"అప్పట్ల నా గిన్నె వారం రోజులైనా ఎండలే. గంత సల్లగుండె. మా అక్కనడుగుండ్రి," అంది చెల్లెలు. పిల్లలు రాసుకున్నారు.

పిల్లలకు తప్పు పాఠం. ఇక చెప్పక తప్పలేదు.

"తులసమ్మకు పోయంగ మిగిలిన చెంబు నీళ్ళు రోజూ దాంట్ల నేనే పోసిన. నువ్వు పాఠానికి పోతున్నవని కుళ్ళు."

"ఇన్నేండ్లసంది ప్రతి క్లాసుల గిదే చెప్తున్న గదక్కా!"

పిల్లలు నవ్వుతూ ఆ వాక్యం కొట్టేశారు. ఒక పాప అడిగింది: "ఇప్పుడు గూడ కుళ్ళున్నదా పెద్దమ్మా?"

చెల్లెలి చుట్టూ మూగిన ఆ పిల్లలందరినీ చూశాను. రెండోసారి దాచడమెందుకని, ఉందన్నాను.