రాజేశం బీడీ మానిన సంగతి

దయ్యం కథలు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా నాన్న భూగర్భ గనిలో పనిచేసేవాడు. లోపల ఎవరో పేరు పెట్టి పిలిచారని ఆయన స్నేహితులు చెప్పుకుంటుంటే పక్కన కూర్చుని వినేవాణ్ని. ఒక్కటీ నమ్మలేదు. అలసిన మనిషికి చీకట్లో ఏదైనా వినిపిస్తుందని వాదించేవాణ్ని. ఇప్పటికీ దయ్యాలున్నాయని నేను అనడం లేదు. జరిగింది మాత్రం చెబుతాను.

గోదావరిఖనిలో ఒక చిన్న దవాఖానలో కౌన్సిలర్‌గా పనిచేస్తున్నాను. మానసిక జబ్బులున్నవాళ్లు, తాగుడు మానలేనివాళ్లు వస్తుంటారు. వాళ్ల చేత పొగాకు మాన్పించే పని కూడా మా డాక్టరమ్మ నాకే అప్పగించింది. మొదట్లో నాకది నచ్చలేదు. ఇన్ని బాధలు పడుతున్నవాళ్ల దగ్గర ఆ ఒక్క బీడీ కూడా గుంజుకోవాలా అనిపించేది.

"మనసు జబ్బుతోని ఎంతమంది పోతున్నరు చెప్పు? గుండెతోని, ఊపిరితిత్తులతోని పోయేటోళ్లే ఎక్కువ" అందామె. ఆ తర్వాత ఆ పని మనసుపెట్టి చేయడం మొదలుపెట్టాను.

రాజేశం కాక అలా పరిచయమయ్యాడు. యాభై దాటిన మనిషి. గనిలో ఉన్నన్నాళ్లూ లోపలికి బీడీ, అగ్గిపెట్టె పోనివ్వరు కాబట్టి తంబాకు నమిలేవాడు. జబ్బు వల్ల డ్యూటీ మానేసి ఇంటి పట్టున ఉండడం మొదలయ్యాక రోజుకు రెండు కట్టల బీడీలు తాగేవాడు. చాలా ఏళ్లుగా, పక్కన ఎవరూ లేకపోయినా, ఆయనకు ఒక గొంతు వినిపించేది. మందులతో కొంత అణిగింది.

ఆయన వాడే మందుతో ఒక చిక్కుంది. బీడీ పొగ ఆ మందును ఒంట్లో తొందరగా అరగదీస్తుంది. పొగ ఒక్కసారిగా ఆపేస్తే అదే మాత్ర మోతాదు మించినట్టు పనిచేస్తుంది. అందుకే బీడీలు తగ్గిస్తే వెంటనే మాకు చెప్పాలని ప్రతిసారీ చెప్పేవాణ్ని. అంతకుముందు రెండుసార్లు మానతానని అందరికీ చెప్పి, వారం తిరగకుండానే మళ్లీ వెలిగించాడు. ఇంట్లోవాళ్లు నవ్వారు.

ఒక బుధవారం పొద్దున పదకొండు గంటలప్పుడు, బయట రోగుల వరుస ఉండగా, ఒకతను నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. బక్క మనిషి, ఖాకీ చొక్కా. ఎడమ కనుబొమ్మ మీద నీలపు గాటు ఉంది. గనిలో దెబ్బ తగిలినప్పుడు బొగ్గు నలుసు చర్మంలో ఉండిపోతే అలాంటి మచ్చ మిగులుతుంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"రాజేశం బీడీలు బంద్ వెట్టిండు సార్. తొమ్మిది రోజులైతుంది. ఎవ్వలకు చెప్పలే. జర మందు సంగతి చూడుండ్రి."

"నువ్వు ఆయనకు ఏమైతవ్ అన్నా?"

"ఒక్కకాడనే ఉంటం."

పేరడిగాను. సమ్మయ్య అన్నాడు. మా వైపు వీధికొక సమ్మయ్య ఉంటాడు, సమ్మన్న అని పిలుస్తారు. రిజిస్టర్‌లో పేరు, సమయం రాసి తలెత్తేసరికి అతను లేడు. జనంలో కలిసిపోయాడనుకున్నాను.

రాజేశం ఇంటికి ఫోన్ చేస్తే ఆయన భార్య కనకమ్మ ఎత్తింది.

"మంచిగనే ఉన్నడు సార్. రెండు రోజులసంది పండుకునే ఉంటున్నడు. గొడవ లేదు, లొల్లి లేదు. బీడీలు బంద్ వెట్టుడేంది, నిన్న గూడ నేనే తెచ్చిచ్చిన."

"ఒక్కసారి లేపి చూడు చిన్నమ్మా."

ఫోన్ పక్కన పెట్టి వెళ్లింది. ఆమె పిలవడం నాకు వినిపిస్తూనే ఉంది. ఆయన పలకలేదు.

ఆటోలో తీసుకొచ్చారు. నోటి వెంట చొంగ కారుతోంది, చేతులు ఉండుండి అదురుతున్నాయి. డాక్టరమ్మ మందు ఆపించి, వెంటనే పెద్దాసుపత్రికి పంపింది. ఇంకో పూట గడిస్తే ఫిట్స్ వచ్చేవని, మనిషి దక్కడం కష్టమయ్యేదని తర్వాత చెప్పింది.

ఆయన బట్టల పెట్టెలో కనకమ్మకు పద్దెనిమిది కట్టల బీడీలు దొరికాయి. ఒక్కటీ విప్పలేదు.

వారం తర్వాత లేచి కూర్చున్నాక అడిగాను.

"ఎందుకు చెప్పలేదు కాకా?"

"మల్ల ఓడిపోతే నవ్వుతరని."

"మరి ఎవరికి తెలుసు?"

"సమ్మన్నకు ఒక్కనికే చెప్పిన."

"సమ్మన్న ఎవరు?"

"నా చెవుల మాట్లాడెటోడు సార్."

ఆయన పాత కేసు షీటు తీయించి చూశాను. నేను ఉద్యోగంలో చేరక ముందు ఎవరో రాసిన మొదటి పేజీలోనే ఆ గొంతు పేరుంది. సమ్మన్న.

వాళ్ల కాలనీలో ఇద్దరు సమ్మయ్యలున్నారు. ఇద్దరినీ కలిశాను. ఒకాయనకు డెబ్బై ఏళ్లు. రెండో అతను ఆ బుధవారం జైపూర్ కరెంటు ప్లాంటులో డ్యూటీలో ఉన్నాడు. ఇద్దరి ముఖాల మీదా ఏ మచ్చా లేదు. పక్క టేబుల్ నర్సును అడిగాను. నేను ఎవరితోనో మాట్లాడడం తనకు వినిపించిందంది. మనిషిని చూసినట్టు గుర్తులేదంది. రాజేశం పరిస్థితిని నువ్వే మనసులో ఊహించి ఉంటావని డాక్టరమ్మ అంటుంది. ఆయన్ని చివరిసారి చూసింది అంతకు నెల ముందు. తొమ్మిది రోజులని ఎలా ఊహిస్తాను?

రిజిస్టర్‌లో నా చేతి రాత ఉంది. అంతకుమించి నా దగ్గర ఆధారం లేదు, వివరణ కూడా లేదు.

రాజేశం కాక మళ్లీ బీడీ ముట్టలేదు. మందు మోతాదు తగ్గింది. ఆ గొంతు అప్పటి నుంచి వినిపించడం లేదట. ఈ సంగతి ఆయనకు చెప్పాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించి, పోయిన నెల చెప్పేశాను. ఆయన భయపడలేదు.

"గొంతు ఇనుడే గాని, నేనెన్నడు సూడలే" అన్నాడు. "ఎట్లుంటడు సార్?"

చూసింది చూసినట్టు చెప్పాను.

"బక్కగున్నడా? గొంతు ఇంటె గట్లనే అనిపిచ్చేది."

"బక్కగనే ఉన్నడు కాకా" అన్నాను.