ఎనిమిది మూరల తాడు

మా పాత డబ్బా టీవీ ఒక్కసారిగా పోలేదు. కింది నుంచి నల్లబడుతూ వచ్చింది. మొదట రెండు వేళ్ళ మందం, ఆ తర్వాత బెత్తెడు, చివరికి జానెడు. పైన బొమ్మ బాగానే ఉండేది. సీరియల్లో మనుషులకు కాళ్ళు ఉండేవి కావు, అంతే. చోడవరం బజారులో టీవీలు బాగుచేసే ఆయన వెనక మూత విప్పి చూసి, దీని సామాను ఇప్పుడెక్కడా దొరకదని మళ్ళీ బిగించేశాడు.

“మొకాలు అగుపిస్తన్నాయి కదే. ఆళ్ళ కాళ్ళతో మనకేటి పని?” అన్నాడు మా ఆయన.

ఆయనకు పని లేదు. నాకుంది. నల్లబడిన ఆ జానెడులోనే నా చదువంతా ఉంది.

చిన్నప్పుడు నేను బడికి పోలేదు. పెళ్ళయిన కొత్తలో పెద్దవాళ్ళకు చదువు చెబుతామని బడి పెడితే నాలుగు నెలలు వెళ్ళాను. అక్షరాలు, గుణింతాలు వచ్చాయి. చెరకు నరుకుడు మొదలయ్యాక ఆ బడి ఆగిపోయింది. బెల్లం వండడం పూర్తయ్యేసరికి నాకు సంతకం తప్ప ఏమీ మిగల్లేదు. అక్షరాన్ని చూస్తే ఎక్కడో చూసిన మనిషిలా ఉండేది, పేరు గుర్తొచ్చేది కాదు.

మళ్ళీ ఇన్నేళ్ళకు, యాభై ఆరో ఏట, మా పొదుపు సంఘం ఆడవాళ్ళకు ఒక టీచరమ్మ మధ్యాహ్నాలు చదువు చెప్పింది. ఈసారి ఒత్తుల దాకా వెళ్ళాం. అంతలో ఆవిడకు బదిలీ అయింది. ఇవి కూడా పోతాయేమోనని నాకు భయం పట్టుకుంది.

అప్పుడే కేబుల్ వాళ్ళ లోకల్ ఛానల్ మీద నా కన్ను పడింది. పైన పాత సినిమాలేవో వస్తుంటాయి. కింద ఒక పట్టీలో ఊరి ప్రకటనలు నెమ్మదిగా నడుస్తుంటాయి. అద్దెకు ఇల్లు, కళ్ళ డాక్టరు వచ్చే రోజు, చీరల దుకాణంలో తగ్గింపు. మొదట్లో ఒక్క మాటే దొరికేది. ‘చోడవరం’ అని కూడబలుక్కునేలోపు మిగతాదంతా వెళ్ళిపోయేది. కానీ ఆ పట్టీ మళ్ళీ మొదటికొస్తుంది. రెండోసారి ఇంకో మాట దొరికేది. పది తిప్పులకు ఆ ఇల్లు ఏ వీధిలో ఉందో, ఎన్ని గదులో తెలిసేది. ఎన్నిసార్లు తప్పినా విసుక్కోకుండా చెప్పే టీచరు అది.

ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. మళ్ళీ మరిచిపోతే నవ్వుతారని. ముందుగదిలో టీవీకి ఎదురుగా మా ఆయన మంచం. ఎవరైనా వస్తే వాళ్ళకు కుర్చీలు. నేను వంటింటి గడప మీద కూర్చుని, కూరలు తరుక్కుంటూ చదువుకునేదాన్ని. కాపురానికి వచ్చినప్పటి నుంచి నా చోటు అదే. పొయ్యి మీద ఒక చూపు, టీవీ మీద ఒక చూపు.

కింది భాగం నల్లబడ్డాక రెండు నెలలకే ఒత్తులు జారిపోవడం మొదలైంది. ఒకరోజు బస్సు బోర్డు మీద ‘బుచ్చయ్యపేట’ దగ్గర ఆగిపోయాను. అంతకుముందు ఇట్టే చదివిన పేరు. అది తేలేలోపు బస్సు కదిలిపోయింది. ఆ సాయంత్రం, కొత్త టీవీ కొందామని నేనే అడిగాను.

మా ఆయన ముఖం వెలిగింది. “నలభై మూడు ఇంచీలది తెద్దామే. దేవరాపల్లిలో తమ్ముడింట్లో సూసేవు కదా, తలుపంత ఉంటాది.”

మా దగ్గరున్న డబ్బుకు తలుపంతది కావాలంటే ఎన్నడూ పేరు వినని కంపెనీదే వస్తుంది. కాస్త మంచి కంపెనీ కావాలంటే ముప్ఫై రెండుతో సరిపెట్టుకోవాలి. అది వెళ్ళి చూసి తేల్చుకుందామనుకున్నాం.

బయలుదేరే ముందు నేను బట్టలారేసే నైలాన్ తాడు విప్పి, టీవీ బల్ల నుంచి వంటింటి గడప దాకా లాగి, అక్కడికి కోశాను. ఎనిమిది మూరలు వచ్చింది. చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

“ఆ తాడేటే? టీవీని దూడలాగ కట్టి తోలుకొస్తావేటి?” అన్నాడు ఆయన ఆటోలో.

“అక్కడ పనుంది. ఊరుకో మావా.”

దుకాణంలో గోడ నిండా టీవీలు. అన్నింట్లోనూ ఒకటే వీడియో. చిలకలు, సముద్రం, కోసిన పుచ్చకాయ. రంగులు కళ్ళు చెదిరేలా ఉన్నాయి. అక్షరం మాత్రం ఒక్కటి లేదు.

“బాబూ, ఇందులో మన లోకల్ ఛానల్ వస్తాదా?” అని షాపాయన్ని అడిగాను.

“చిలకలు బాలేవా అమ్మా?”

“చిలకలు మా జామచెట్టు మీదున్నాయి. లోకల్ ఛానల్ పెట్టు.”

ఆయన కేబుల్ వైరు తెచ్చి పెద్ద టీవీకి తగిలించాడు. నేను తాడు తీసి ఒక కొస మా ఆయన చేతికిచ్చాను. “టీవీ కాడ పట్టుకో.”

“ఒసే, పరువు తీయకే,” అంటూ, తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూసి పట్టుకున్నాడు. నేను రెండో కొసతో వెనక్కి నడిచాను. ఫ్రిజ్‌ల వరస దగ్గర తాడు అయిపోయింది. అక్కడ నిలబడి చూశాను.

పెద్ద టీవీలో అక్షరాలు పెద్దవే. కానీ కదిలేటప్పుడు ప్రతి అక్షరం వెనకా తోకలాగా ఒక మసక. ఒత్తులన్నీ ఆ మసకలో కలిసిపోతున్నాయి. ‘దూడ’ అని తెలిసింది. దాని ముందు ఏముందో తెలియలేదు.

వైరు చిన్న టీవీకి మార్పించాను. అందులో అక్షరాలు ముగ్గు వేసినంత శుభ్రంగా ఉన్నాయి. కానీ ఎనిమిది మూరల దూరానికి నువ్వుగింజల్లా ఉన్నాయి. మళ్ళీ పెద్దది, మళ్ళీ చిన్నది చూశాను. రెండూ నాకు పనికిరావు.

“అందరూ బొమ్మ చూసి కొంటారమ్మా. కింద పట్టీ చూసి కొనేవాళ్ళని ఇదే చూడడం,” అన్నాడు షాపాయన.

“పోదాం మావా,” అన్నాను.

“పోదామేటి? ఇంతకీ ఏటి కావాలే నీకు?”

ఇక దాచి లాభం లేదు. “సదవాలి.”

“ఎవులు?”

“నేనే. గడప మీద కూకుని ఆ పట్టీ సదువుకుంటన్నాను. టీవీ నల్లబడ్డ కాడినుంచి మరిచిపోతన్నాను. ఈ తాడు గడప దాకా కొలిచింది. ఇక్కడికి అగుపించాలి.”

ఆయన చేతిలోని తాడు కొస నుంచి నా దాకా చూశాడు. తర్వాత, “ఏదీ, సదువు,” అన్నాడు.

చిన్న టీవీ వైపు తాడు వెంట ఒక్కో అడుగే జరిగాను. ఒకచోట గింజలు విడిపోయి అక్షరాలయ్యాయి. అక్కడ ఆగి పైకే చదివాను. “తెల్ల మచ్చ గల... ఎర్ర దూడ... మాడుగుల రోడ్డులో తప్పిపోయినది. ఆచూకీ... తెలిపిన వారికి...” తర్వాతి మాట పెద్దది. సగంలో ఉండగానే వెళ్ళిపోయింది.

“మళ్ళీ వస్తాది,” అన్నాను.

ముగ్గురం నిలబడి కనిపెట్టుకున్నాం. అద్దె ఇల్లు వెళ్ళింది, కళ్ళ డాక్టరు వెళ్ళాడు, చీరలు వెళ్ళాయి. దూడ వచ్చింది. “పారితోషికం ఇవ్వబడును.”

“ఎవుల దూడే పాపం?” అన్నాడు ఆయన.

“పేరు రాయలేదు. ఫోన్ నంబరుంది.”

ఆయన తాడు కొస షాపాయనకు ఇచ్చి నా దగ్గరికి వచ్చాడు. నా వేళ్ళున్న చోట తాడుకు ఒక ముడి వేశాడు. “గడప కాడ కూకోమని నీకెవులు సెప్పేరు?”

ఆలోచించాను. “ఎవులూ సెప్పలేదు.”

“మరయితే ఇక్కడ కూకో.” షాపాయన వైపు తిరిగి, “ముప్ఫై రెండే కట్టండి. తలుపు మా ఇంట్లో ఉంది,” అన్నాడు.

ఇంట్లో కొత్త టీవీ బిగించాక తాడు లాగి చూస్తే, ముడి సరిగ్గా ఆయన మంచం నడిమికి వచ్చింది. “నేను ముడేస్తే అది నా మీదకే వచ్చింది,” అని సణుగుతూ మంచాన్ని గోడ పక్కకు లాగాడు. ఆ చోట నా పీట వేసుకున్నాను. కత్తిపీట, కూరల బుట్ట కూడా అక్కడికే వచ్చాయి. గడప మీద ఇప్పుడు ఎవరూ లేరు కాబట్టి పొయ్యి మీద చూపూ లేదు. అన్నం రెండుసార్లు అడుగంటింది. రెండోసారి వాసన పట్టి ఆయనే లేచి దించాడు.

రోజూ సాయంత్రం సినిమా చూస్తూ మధ్యలో అడుగుతాడు, దూడ సంగతి ఏమైందని. నాలుగో రోజు ఆ ప్రకటన రాలేదు.

“సరిగ్గా సూడే. మద్దిలో కూర తరిగేవు.”

కత్తిపీట పక్కన పెట్టి మూడు తిప్పులు చదివాను. ట్యూషన్లు, అద్దె ఇల్లు, మిక్సీలు బాగుచేసే దుకాణం. ఈసారి ఎక్కడా ఆగలేదు.

“నేదు మావా.”

“అయితే దొరికిపోయుంటాది,” అని ఆయన మంచం మీద వెనక్కి వాలాడు.