ఈశాన్యం మూల క్వార్టర్లు

ఆస్ట్రేలియాలో, వెర్రిబీలోని ఇల్లు అమ్ముడుపోయింది. రేపు పొద్దున్నే తాళాలు ఇచ్చేయాలి. సామానంతా లారీ ఎక్కేసినా ద్వారకానాథ్ గారు మాత్రం మెటల్ డిటెక్టర్ పట్టుకుని పెరటి ఈశాన్యం మూల గానుగెద్దులా తిరుగుతూనే ఉన్నారు.

రిటైరైన దగ్గర్నుంచీ ఆ యంత్రమే ఆయన లోకం. బీచుల్లో ఎవరెవరో పారేసుకున్న ఉంగరాలు వెతికిపెట్టిన మనిషికి సొంత పెరట్లో పరువు పోతోంది. యంత్రం కిక్కురుమనడం లేదు.

ఆయన వెతుకుతున్నది నిధీ కాదు, నిక్షేపమూ కాదు. గుప్పెడు కెనడా చిల్లర. విన్నిపెగ్‌లో కొన్నేళ్లు కాపురం చేసి, ఆయన ఉద్యోగం కోసం ఇటొచ్చి ఈ ఇల్లు కట్టుకున్నారు. శంకుస్థాపనకు నవధాన్యాలతో పాటు నాణేలు వెయ్యాలి కదా! కాంక్రీటు పోసేవాళ్లు పునాదిలో ఏమీ వెయ్యనివ్వలేదు. ఆయన భార్య జ్ఞానప్రసూన ఊరుకునే మనిషా? కంచె పక్కన గొయ్యి తవ్వించింది. తీరా చూస్తే పర్సులో ఉన్నవన్నీ కెనడా క్వార్టర్లే, పావు డాలరు బిళ్లలు. "భూదేవికి ఏ దేశం డబ్బులైతేనేంటండీ!" అని నవ్వుతూ గుప్పెట విప్పేసింది. ఆ నవ్వు ఆయనకింకా కళ్లకు కట్టినట్టే ఉంది. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఆవిడ చేత్తో మట్టిలో పెట్టినవి ఒక్కసారి చూడందే కదలనని ఆయన పట్టు.

"వదిలెయ్ నాన్నా, ఎవరో తీసేసుంటారు," అంది కూతురు కిరణ్మయి. తండ్రిని బ్లాక్‌టౌన్‌లోని తనింటికి తీసుకుపోదామని వచ్చింది.

"మన పెరట్లో ఎవరు తీస్తారే? దీనికే ఏదో రోగం వచ్చింది."

"విన్నిపెగ్‌లో గుర్తుందా? లాండ్రీ మిషన్లో వెయ్యడానికి క్వార్టర్స్ లేవని అమ్మ ఇల్లంతా వెతుక్కునేది. నేనేమో వాటిని ఫ్రిజ్ మ్యాగ్నెట్‌కి అంటించుకుని ఆడుకుంటుండేదాన్ని."

ద్వారకానాథ్ గారు టక్కున ఆగి నెత్తి కొట్టుకున్నారు. అయస్కాంతానికి అంటుకున్నాయంటే అవి ఉక్కువి! తుప్పు మేకులతో విసిగి, ఇనుము తగిలితే పలకొద్దని యంత్రాన్ని ఎప్పుడో సర్దిపెట్టింది తనే. ఆస్ట్రేలియా నాణేల్లో ఇనుముండదు, వాటికి ఆ బాధ లేదు కాబట్టి ఇన్నాళ్లూ సాగింది. పైగా జీవితమంతా ఇంజినీరు!

మీట మార్చగానే కంచె పక్కన యంత్రం గీపెట్టింది. ఆయన మోకాళ్ల మీద కూలబడి వట్టి చేతుల్తోనే తవ్వారు. జానెడు లోతులో, తుప్పుపట్టి ఒకదానికొకటి అతుక్కుపోయి కనిపించాయి క్వార్టర్లు.

వాటిని కళ్లకద్దుకున్నారు. తర్వాత మళ్లీ అదే గోతిలో పెట్టి మట్టి కప్పసాగారు.

"అదేంటి నాన్నా! ఇంత వెతికింది తీసుకెళ్లడానికి కాదా?" అంది కిరణ్మయి.

"ఇంటికిచ్చినవమ్మా, మనవెలా అవుతాయి?" ఆయన అరచేత్తో మట్టి అదిమారు. "అమ్మ చెయ్యి పెట్టిన చోట నా చెయ్యి పెట్టాను. నాకదే కావాలి."