కారులో అత్తగారు పెట్టిన చట్టం

మంగళవారం పొద్దున చాంగీ బిజినెస్ పార్కులోని ఆఫీసుకెళ్లి సీట్లో కూర్చున్నానో లేదో, వదిన ఫోను. "అమ్మ పోయిందే" అంది. పుంగ్గోల్‌లో వాళ్లింట్లో కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, సోఫాలో ఒరిగిన మనిషి మళ్లీ లేవలేదట. అంబులెన్సు వచ్చేసరికే అంతా అయిపోయింది. రైలు స్టేషనుకి నడుస్తుంటే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పక్క బ్లాకుకి కొత్తిమీర కోసం వెళ్లినా నాలుగుసార్లు చెప్పి వెళ్లే మనిషి, ఇలా చెప్పాపెట్టకుండా పోవడమేమిటి?

పోయినావిడ మా అత్తగారు. మామగారు కాలం చేశాక సింగపూర్ వచ్చి కొన్నాళ్లు టాంపినీస్‌లో మా దగ్గర, కొన్నాళ్లు కూతురి దగ్గర ఉండేవారు. అత్తాకోడళ్ల మధ్య ఉంటాయని లోకం చెప్పుకునేవన్నీ మా మధ్యా ఉన్నాయి. నా కూరలో కారమెక్కువ, ఆవిడ పులుసులో బెల్లమెక్కువ. మాది కర్నూలు, నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడది గోదావరి పక్క, కోపమొచ్చినా మాట చివర 'అండీ' తగలాల్సిందే. "నీ మాట సూటిగానే ఉంటుందే అమ్మాయ్, కాస్త నెయ్యి రాసి వదలకూడదూ?" అనేవారు. ఆ మాట అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు అనేవాళ్లు లేరు.

అల్లుడంటే ఆవిడకి ఉన్న మర్యాద సంగతి చెప్పాలి. వదిన పెళ్లయిన నాటి నుంచీ ఆవిడ అల్లుడితో ఎదురుపడి ఒక్క మాట మాట్లాడలేదు. ఊళ్లో అయితే తలుపు చాటు ఉంటుంది. పుంగ్గోల్ ఫ్లాటులో వంటింటికి తలుపే లేదాయె, ఫ్రిజ్ పక్కన నిలబడేవారు. అక్కణ్ణుంచి, ఆయన అక్కడే భోంచేస్తుండగా, "అల్లుడుగారికి పెరుగు కావాలేమో అడగవే" అని కూతురితో అనేవారు. "వద్దని చెప్పు" అని ఆయన పెళ్లాంతో అనేవారు. లిఫ్టులో ఆయనుంటే ఆవిడ ఎక్కరు, ఇంకోటి వచ్చేదాకా ఆగుతారు. నేను నవ్వలేక చచ్చేదాన్ని.

అన్నయ్యగారు, అంటే మా వదిన భర్త, చెడ్డవారు కాదు. మా ఆయనకి ఇక్కడ ఉద్యోగం వేయించింది ఆయనే, ఆఫీసులో పైవాడూ ఆయనే. రెండిళ్లకీ కలిపి ఉన్న ఒక్క కారూ ఆయనదే. గుడికైనా, డాక్టరుకైనా, చుట్టాల కోసం ఎయిర్‌పోర్టుకైనా విసుక్కోకుండా తిప్పేవారు. సిగరెట్టు ఒక్కటే ఆయనకి ఉన్న జబ్బు. ఈ ఊళ్లో బస్టాపులో కాల్చకూడదు, బ్లాకు కింద కాల్చకూడదు, తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో కాల్చకూడదు. ఇంట్లో వదిన ఒప్పుకోదు. ఇక మిగిలింది కారు. వెనక సీట్లో ఆయన కూతురే కూర్చునేది. రెండో క్లాసు పిల్ల, ఈ ఊరి పిల్లలందరిలా మాట చివర 'లా' తగిలించేది, పొగ తగిలితే పిల్లికూతలు, సంచిలో ఎప్పుడూ ఇన్‌హేలర్. "కిటికీ తెరిచే ఉంది కదా" అనేది వదిన, ఎవరూ అడగకుండానే.

ఒకరోజు మా ఇంట్లో బెండకాయలు తరుగుతూ అత్తగారు అడిగారు. "ఇన్ని చట్టాలున్న ఊరు కదే, పిల్లలున్న కారులో కాల్చకూడదని ఒకటి లేదూ?"

ఫోనులో వెతికి చూశాను. కొన్ని దేశాల్లో ఉంది. ఇక్కడ సొంత కారుకి అలాంటిదేమీ కనబడలేదు.

"ఉంటే ఎంత బావుణ్ణు! చట్టం చెబితే అల్లుడికి చిన్నతనం కాదు. అత్త చెబితే అవుతుంది."

"నేను అడిగేస్తా అత్తయ్యా. నాకేం భయం?"

"నీ మొగుడి ఉద్యోగం ఆయన చేతి కింద ఉంది. నా కూతురి కాపురం ఆయనతో ఉంది. నోరు మూసుకుని బెండకాయలు కడుగు."

మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో సామెత ఉంది. అది పూర్తిగా ఆవిడ ముందు అనలేక కడుగుతూ గొణుక్కున్నాను. ఆవిడకి వినబడింది. నవ్వారు గానీ, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

ఆ నెలలోనే ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో భోంచేసి అందరం పుంగ్గోల్ బయల్దేరాం. మా ఆయన ఊళ్లో లేరు. ముందు అన్నయ్యగారూ వదినా, వెనక నేనూ అత్తగారూ, మధ్యలో పిల్ల. ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కగానే ఆయన సిగరెట్టు వెలిగించారు. ఏసీ నడుస్తోంది, ఆయన వైపు అద్దం రెండు వేళ్లు దించారంతే. పిల్ల దగ్గింది. ఇంకోసారి దగ్గింది. తర్వాత దగ్గు ఆగి, ఆ కూత మొదలైంది. ఇన్‌హేలర్ పీల్చింది, కూత తగ్గలేదు. మెడ కింద గుంట లోపలికి పోతోంది.

"అమ్మమ్మా, కాంట్ బ్రీత్ లా" అంది సన్నగా.

అత్తగారు ముందు తన పద్ధతిలోనే, "అల్లుడుగారిని కాస్త ఆపమనవే" అన్నారు కూతురితో.

వదిన వెనక్కి తిరగలేదు. "అయిపోవచ్చిందిలే అమ్మా."

నేను నోరు తెరిచాను. అత్తగారి చెయ్యి నా మోకాలిని గట్టిగా పట్టుకుంది. తర్వాత ఆవిడ ముందుకి వంగి, ఆయన సీటు మీద చెయ్యి వేశారు.

"బాబూ."

వదిన గిరుక్కున వెనక్కి తిరిగింది.

"బాబూ, మీతోనే మాట్లాడుతున్నాను. అది ఆర్పండి. లేదా కారు ఆపండి, నేనూ పిల్లా దిగిపోతాం."

అద్దంలో ఆయన కళ్లు ఒక్కసారి ఆవిడని చూసి తప్పుకున్నాయి. "ఇది ఎక్స్‌ప్రెస్‌వే అత్తయ్యగారూ. ఇక్కడ ఆపకూడదు, చట్టం ఒప్పుకోదు."

"దానికి చట్టం ఉందా? సంతోషం. దీనికి లేదుట కదా, అడిగి తెలుసుకున్నాను. మీ ప్రభుత్వం పెట్టేదాకా ఈ కారుకి నేను పెడుతున్నాను. ఆర్పండి."

"బయట పారేసినా జరిమానానే" అన్నారాయన. గొంతులో ఏదో తేడా. కోపమో, సిగ్గో, ఈ రోజుకీ నాకు తెలియదు.

ఆవిడ ఒళ్లోని స్టీలు డబ్బా మూత తీశారు. పిల్ల కోసం కలిపి తెచ్చిన పెరుగన్నం. దాన్ని అలాగే ఆయన చెవి పక్కకి చాపి పట్టుకున్నారు. ఆయన రోడ్డు వైపే చూస్తూ ఎడం చెయ్యి వెనక్కి పెట్టి, సిగరెట్టుని ఆ పెరుగన్నంలో గుచ్చేశారు. చుయ్‌మంది. ఆవిడ మూత బిగించి, అద్దాలన్నీ దించమని నాకు సైగ చేసి, పిల్ల వీపు రాస్తూ కూర్చున్నారు. పుంగ్గోల్ చేరేసరికి కూత తగ్గింది.

వదిన కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు, నేనే ఎక్కించి ఉంటానని. మా ఆయన సంగతి చెప్పక్కర్లేదు, ఆఫీసులో ఏ మీటింగుకి పిలిచినా ఇక ఉద్యోగం ఊడిందనే అనుకునేవారు. అత్తగారికి అన్నం సహించేది కాదు. "తప్పు చేశానంటావా అమ్మాయ్?" అని అడిగి, నేను చెప్పేలోగా తనే, "మర్యాద తప్పాను. తప్పు మాత్రం చెయ్యలేదు" అనేవారు. అలా అన్నా, రోజూ మళ్లీ అడిగేవారు. అన్నయ్యగారు మా గుమ్మం తొక్కలేదు. ఆ బిగువు మా రెండిళ్లకీ ఊపిరాడనివ్వలేదు.

ఆఖరికి ఒక ఆదివారం కారు వచ్చి మా బ్లాకు ముందు ఆగింది. ఆయన రావడం ఆలస్యమైంది. కిటికీలోంచి చూస్తే కార్‌పార్కు అవతల, మనుషులకి దూరంగా ఒక్కరే నిలబడి కాల్చుకుంటున్నారు. పైకొచ్చి భోజనానికి కూర్చున్నారు. అత్తగారు ఫ్రిజ్ పక్కకి వెళ్లి, "అల్లుడుగారికి పెరుగు వెయ్యవే" అన్నారు నాతో. "వెయ్యమను" అన్నారాయన. క్షమాపణ లేదు, పంచాయితీ లేదు. ఆ తర్వాత ఇద్దరూ మళ్లీ ఎప్పుడూ నేరుగా మాట్లాడుకోలేదు. ఆ కారులో పొగ వాసన కూడా మళ్లీ రాలేదు.

నేను ఆవిడకి ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు. మన ఇళ్లల్లో ఎవరు చెబుతారు? ఇక్కడ రాస్తున్నాను. నోరున్నదాన్నని విర్రవీగే నాకు, మాట్లాడటం ఎంత ఖరీదైన పనో, ఎప్పుడూ మాట్లాడని ఆవిడే చూపించారు.

దహనమయ్యాక బయటికొచ్చేసరికి జోరున వాన. మా ఆయనా వదినా లోపల కాగితాల పనిలో ఉన్నారు. నేనూ పిల్లా పరిగెత్తి కారెక్కాం. అన్నయ్యగారు కారు తలుపు దాకా వచ్చి, జేబు తడుముకుని, వెనుదిరిగి గేటు దాటి రోడ్డు వారకి వెళ్లిపోయారు.

"డాడీ ఈజ్ గెటింగ్ వెట్ లా, పిలువత్తా" అంది పిల్ల.

అద్దం దించి పిలిచాను. వస్తున్నానన్నట్టు చెయ్యి ఎత్తారు గానీ రాలేదు. నోట్లో సిగరెట్టు, లైటరు వెలగడం లేదు. రెండు చేతులూ అడ్డం పెట్టి, చొక్కా ఒంటికి అంటుకుపోయి, ఆయన ఆ వానలో మళ్లీ మళ్లీ వెలిగించాలని చూస్తూనే ఉన్నారు.